ఇమ్యూనిటీ కాగితం

విజయవాడ, వన్ టౌన్
18 అక్టోబరు 2020, ఆదివారం

చెల్లెలు క్రిస్టినాకు,

అన్నయ్య అబ్రహాము దీవించి రాస్తున్నది. దేవుని దయ వల్ల ఈ ఉత్తరం రాసే ఘడియ వరకు ఇక్కడ మేము నలుగురమూ జ్వరం లేకుండా ఉన్నాము. క్షేమం అనే మాటకు ఈ సంవత్సరం ఇంతకంటే పెద్ద అర్థం లేదు. అక్కడ ఇజ్రాయెల్‌లో, హైఫాలో నువ్వూ, నువ్వు చూసుకుంటున్న పెద్దావిడా అలాగే ఉన్నారని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం వచ్చిన దారినే ఇదీ వస్తుంది. మా అమ్మాయి సింధూరి ఈ కాగితాలకు ఫోటోలు తీసి నీ ఫోనుకు పంపుతుంది. నీ నాలుగో పేజీ మసకగా ఉంటే రెండుసార్లు చదివి పోల్చుకున్నాను. ఫోనులో మాట్లాడితే పోయేదానికి ఇంత రాత ఎందుకని మీ వదిన శౌరమ్మ అంటోంది. పోయిన ఆదివారం నేను ఫోనులో మాట్లాడిన మాటను సరిదిద్దుకోవడానికే ఇది రాస్తున్నాను. ఫోనులో నాకు తొందర ఎక్కువ. కాగితం మీద కొంత నిలకడ ఉంటుంది.

ముందుగా నీ ప్రశ్నలకు జవాబులు. నీ కూతురు రుచిత బాగానే చదువుతోంది. ఇంట్లో సిగ్నలు అందక మేడ మెట్ల మీద కూర్చుని ఆన్‌లైన్ క్లాసులు వింటోంది. లెక్కల మాస్టారి గొంతు వీధిలో అందరికీ వినిపిస్తోంది కాబట్టి వీధి మొత్తం తొమ్మిదో తరగతి చదువుతోందనుకో. కృష్ణకు వరద వచ్చిన మాట నిజమే. బ్యారేజీ గేట్లు ఎత్తారు, కరకట్ట లోపలి ఇళ్లవాళ్లు ఇబ్బంది పడుతున్నారు, మన వైపు నీళ్లు రాలేదు. మీ వదిన మాస్కులు కుడుతోంది. మిరియాల చారులో చింతపండు దొరకక నిమ్మకాయ పిండుతున్నానని రాశావు. అది చదివి ఆమె, చారు అనే మాట తీసేసి మిరియాల షర్బత్ అని పిలుచుకోమనండి అంది.

ఇక నీ చివరి ప్రశ్న. "అన్నయ్యా, సంతకం పెట్టనా, మాననా?"

నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో నువ్వు సరిచూసుకోవడానికి నువ్వు రాసినదంతా మళ్లీ రాస్తున్నాను. మీ పక్కన అపార్ట్‌మెంటు కడుతున్నారు. పాలస్తీనా నుంచి, జెనీన్ వైపు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు అక్కడ పని చేస్తున్నారు. కరోనా నిబంధనల వల్ల రోజూ ఇళ్లకు వెళ్లి రావడానికి వీల్లేక, వారాల తరబడి ఆ తలుపులు లేని గదుల్లోనే అట్టలు పరుచుకుని పడుకుంటున్నారు. నువ్వు రెండో అంతస్తు బాల్కనీ నుంచి బకెట్టుకు తాడు కట్టి వాళ్లకు మిరియాల చారు దింపుతున్నావు. వాళ్లలో టైల్సు వేసే మహమ్మద్, మొదటిసారి తాగి "ఇది మందా, శిక్షా?" అని అడిగి, వెంటనే ఇంకో గ్లాసు అడిగాడు.

మూడు వారాల కిందట మంగళవారం ఉదయం అతను దగ్గుతూ వచ్చి చారు తీసుకున్నాడు. మధ్యాహ్నానికి కాంట్రాక్టరు మనుషులు ఇద్దరు అతన్ని చంకల కింద పట్టుకుని వ్యానులో వేశారు. అది నువ్వు కళ్లారా చూశావు. పరీక్ష చేయించలేదు, అంబులెన్సు పిలవలేదు. సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర రోడ్డు పక్కన దింపి వెళ్లిపోయారు. అవతలి వైపు ఎవరో చూసి ఆసుపత్రిలో చేర్చారు. ప్రాణం దక్కింది గాని ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, ఇజ్రాయెల్‌లో పని చేసే పర్మిటు కూడా రద్దయింది. అతను ఆదివారమే తన ఇష్టంతో పని మానేశాడనీ, తమకు ఏ బాధ్యతా లేదనీ కాంట్రాక్టరు ఒక కాగితం చూపిస్తున్నాడు. కాగితం హీబ్రూలో ఉంది. మహమ్మద్ హీబ్రూ మాట్లాడతాడు, చదవలేడు. అతను మంగళవారం పనిలోనే ఉన్నాడని చెప్పి సంతకం పెట్టే మనిషి ఒక్కరు కావాలని కార్మికుల హక్కుల సంఘం లాయరమ్మ నీ దగ్గరకు వచ్చింది. తోటివాళ్లు చెప్పలేరు, వాళ్ల పర్మిట్లు ఆ కాంట్రాక్టరు గుప్పిట్లోనే ఉన్నాయి. చెప్పగలిగినదానివి నువ్వొక్కదానివే. పెద్దావిడ కొడుకు మాత్రం, నీ వీసా మా అమ్మ పేరు మీద ఉందని గుర్తు పెట్టుకో అన్నాడు.

ఇదే సంగతి పోయిన ఆదివారం నీ నోట విని నేను ఫోనులో ఏమన్నాను? "మనకెందుకమ్మా? పరాయి దేశం, పరాయి మనిషి. చూడనట్టు ఉండు." నువ్వు "సరే అన్నయ్యా" అన్నావు. ఆ సరే ఈ వారమంతా నన్ను వదల్లేదు.

నీ వీసా కోసం అలా అన్నాననుకుని ఉంటావు. రుచిత చదువు కోసమనుకుని ఉంటావు. రెండూ కావు క్రిస్టినా. అసలు కారణం మీ వదినకు కూడా నిన్నటిదాకా చెప్పలేదు.

నా చదువు సంగతి నీకు తెలుసు. పగలు ఇక్కడి గోదాముల్లో బస్తాలు మోసి, రాత్రి బడిలో పదో తరగతి పాసయ్యాను. ముప్ఫై తొమ్మిదో ఏట బి.ఏ. పట్టా తెచ్చుకున్నాను. ఆ పట్టాను చూసే ఇబ్రహీంపట్నం అవతల గిడ్డంగులు కట్టే చోట నన్ను సూపర్‌వైజరుగా తీసుకున్నారు. కూలీలు ఏ కాగితం వచ్చినా నా దగ్గరకే తెచ్చేవారు. "అబ్రహాము గారు చదివితే కోర్టు చదివినట్టేనండి" అనేవాడు బసవపున్నయ్య. చల్లపల్లి దగ్గరివాడు, తాపీ మేస్త్రీ. అతనూ, భార్య మాణిక్యమూ ఇద్దరూ మా దగ్గరే పని చేసేవారు. ఆ మాట వింటే నా నడుము ఇంకాస్త నిటారుగా నిలబడేది.

ఏప్రిల్ చివర, పని స్థలంలోనే ఉండేవాళ్లతో నిర్మాణాలు సాగించవచ్చని అనుమతి వచ్చింది. కాంట్రాక్టరు ముప్ఫై ఒక్క మందిని రేకుల షెడ్డులో ఉంచి, ఒక ఇంగ్లీషు కాగితం నా చేతికిచ్చి అందరి వేలిముద్రలూ వేయించమన్నాడు. పైన పెద్ద అక్షరాల్లో ఒక మాట ఉంది. ఇండెమ్నిటీ. ఆ నెలలో టీవీలోనూ టీ కొట్టులోనూ ఒకటే మాట: ఇమ్యూనిటీ. ఇమ్యూనిటీకి కషాయం, ఇమ్యూనిటీకి అల్లం, ఇమ్యూనిటీకి జింకు మాత్రలు. నాకు తెలియని ఆ మాటను తెలిసిన మాటగా చదివేశాను. కింది వాక్యాలు చాలావరకు అర్థం కాలేదు. ఆగితే రాదనుకుంటారని గడగడా చదివాను.

"ఏం రాశారండీ అందులో?" అని అడిగాడు బసవపున్నయ్య.

"ఇమ్యూనిటీ గురించి. కంపెనీ మీకు బలానికి మాత్రలిస్తుంది."

"అయితే నేను రెండు వేళ్లు వేస్తానండి. మా ఆవిడ మాత్ర కూడా నాకే వచ్చేటట్టు."

"నా బలం నువ్వు మింగితే, రేపు నీ సిమెంటు తట్ట ఎవడు మోస్తాడు?" అంది మాణిక్యం. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ముప్ఫై ఒక్క వేలిముద్రలు పడ్డాయి.

ఆ సాయంత్రమే అనుమానం వచ్చి నిఘంటువు తీశాను. ఇండెమ్నిటీ అంటే నష్టానికి పూచీ; కాగితం మొత్తం చెప్పేది ఇదీ: మా ఇష్టంతోనే ఇక్కడ ఉంటున్నాము, మాకేమైనా యజమానికి బాధ్యత లేదు, మేము గాని మా వాళ్లు గాని ఏమీ అడగము. వాళ్లు వేలు పెట్టింది దానికి. మర్నాడు పొద్దున్నే షెడ్డుకు వెళ్లి, తప్పు చదివానని చెబితే సరిపోయేది. ఉద్యోగం పోతుందని భయపడి మానలేదు. సిగ్గుపడి మానాను. ఆ సిగ్గు ఖరీదు ఎంతో అప్పుడు నాకు తెలియదు.

జూలైలో బసవపున్నయ్యకు జ్వరం వచ్చింది. కాంట్రాక్టరు మనుషులు ఆసుపత్రికి తీసుకెళ్తున్నామని భార్యతో చెప్పి ఆటో ఎక్కించి, గొల్లపూడి రోడ్డు పక్కన దింపేసి వచ్చారు. దారినపోయేవాళ్లెవరో పెద్దాసుపత్రిలో చేర్పించారు. నాలుగో రోజు పోయాడు. మాణిక్యం వచ్చి అడిగితే కాంట్రాక్టరు ఆ కాగితం తీసి చూపించాడు. అప్పుడు ఆమె నా వైపు చూసింది. నేను హాజరు పట్టీలోకి చూస్తూ నిలబడ్డాను. ఆమె నన్నేమీ అనలేదు. ఎందుకనలేదో తర్వాత తెలిసింది. కాంట్రాక్టరు కాగితాన్ని మార్చేశాడని ఆమె అనుకుంది. అబ్రహాము గారు తప్పు చదవడం అనేది ఆమె ఊహకే రాలేదు.

నువ్వు మహమ్మద్ కాగితం గురించి చెబుతుంటే నాకు ఆ పేజీయే కనబడింది. చూడనట్టు ఉండమని నీకు చెప్పింది నీ అన్నయ్య కాదమ్మా. మూడు నెలలుగా చూడనట్టు ఉన్న సూపర్‌వైజరు.

బుధవారం వర్షంలోనే బస్సెక్కి చల్లపల్లి వెళ్లాను. మాణిక్యం తన అక్క ఇంటి గుమ్మంలో కూర్చుని గోంగూర తుంచుతోంది. నిలబడే అంతా చెప్పాను. కూర్చోమని ఆమె అనలేదు, అడిగే హక్కు నాకూ లేదు. చివరిదాకా విని, కాడలు పక్కకు నెట్టింది.

"కాగితం మార్చారనుకున్నాను గదండీ ఇన్నాళ్లూ. ఊళ్లో అందరికీ అదే చెప్పాను."

కొంతసేపటికి మళ్లీ అంది. "తెలీదని చెప్తే ఏం పోయేదయ్యా నీకు?"

మొదటి మాటకు 'అండీ' ఉంది. రెండో మాటకు లేదు. నా ముప్ఫై ఏళ్ల చదువుకు పడ్డ మార్కులు అవే అనుకున్నాను. మాణిక్యం మటుకు ఏడవలేదు. శుక్రవారం కార్మిక శాఖ ఆఫీసుకు తనను కూడా తీసుకెళ్లమంది.

వెళ్లాము. నేను చెప్పినదంతా టైపు చేసి సంతకానికి ఇచ్చారు. అది ఇంగ్లీషులోనే ఉంది. నిలబడి చదువుతుంటే మూడో వాక్యంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. వెనక పదిమంది ఉన్నారు, పక్కన మాణిక్యం ఉంది. "ఈ మాట నాకు తెలియదండీ. అర్థం చెప్పండి" అన్నాను. నలభై ఎనిమిదేళ్లలో పదిమందిలో ఆ మాట అనడం నాకు అదే మొదలు. టైపు చేసినాయన నవ్వాడు. ఆఫీసరు గారు నవ్వలేదు.

"డిపోనెంట్ అంటే వాంగ్మూలం ఇచ్చే మనిషి. అంటే మీరేనండి" అన్నారు.

అంతా చదివి, అర్థమయ్యాకే సంతకం పెట్టాను. వేలిముద్రలు వేసినవాళ్లకు ఆ కాగితంలో ఏముందో తెలియదు, తప్పుగా చదివి చెప్పింది నేను అని అందులో ఉంది. ఇల్లు చేరేలోపే కాంట్రాక్టరు ఫోను.

"ఏవయ్యా గ్రాడ్యుయేటూ, నీకు ఇంగ్లీషు రాదని నువ్వే ఊరంతా చాటుకుంటున్నావంటగా?"

"అవునండీ. సంతకం పెట్టి మరీ చాటుకున్నాను."

సోమవారం నుంచి రావద్దన్నాడు. వెళ్లను. మిగిలిన ఇరవై తొమ్మిది మందినీ ఒక్కొక్కరినే కలిసి ఆ కాగితం అర్థం చెప్పే పని పెట్టుకున్నాను. నిన్నటికి ఆరుగురు అయ్యారు. వాళ్లలో ఇద్దరు నన్ను తిట్టారు, నలుగురు తామూ వాంగ్మూలం ఇస్తామన్నారు. తిట్టినవాళ్లలో ఒకడు మళ్లీ వచ్చి, తనదీ రాయమన్నాడు.

కాబట్టి క్రిస్టినా, పోయిన ఆదివారం మాట కొట్టివేసి ఈ మాట ఉంచుకో. సంతకం పెట్టు. మహమ్మద్ గాని, బసవపున్నయ్య గాని ఎవరినీ దానం అడగలేదు. ఊరి ఇళ్లు కట్టేవాడికి జ్వరం వస్తే డాక్టరు రావాలి, పడుకోవడానికి మంచం ఉండాలి, ఇచ్చే కాగితం అతను చదవగల భాషలో ఉండాలి. ఇవి లేకుండా పని చేయించుకుని, ఒళ్లు వేడెక్కగానే రోడ్డు పక్కన దింపేవాడికి ఆ రోడ్డు గొల్లపూడిలో ఉన్నా ఒకటే, చెక్‌పోస్టు ముందున్నా ఒకటే. చూసినవాళ్లు నోరు మూసుకుంటారనే ధైర్యంతోనే దింపుతాడు. ఆ ధైర్యం మనం ఇవ్వవద్దు.

వీసా విషయం లాయరమ్మను సూటిగా అడుగు. అపాయం లేదని ఇక్కడ కూర్చుని నేను అబద్ధం చెప్పను. పోతే పోయింది, వచ్చెయ్యి. రెండో కుట్టు మిషను ఖాళీగానే ఉందని మీ వదిన చెప్పమంది. రుచితకు అంతా చెప్పాను. తన ఫీజులు, పుస్తకాలు దీనితో ముడిపడి ఉన్నాయని కూడా దాచలేదు. అది ఆలోచించి, "అమ్మ చూసింది కదా మావయ్యా, మరి చూశానని చెప్పడానికి ఇంత ఆలోచనెందుకు?" అంది.

ఒక్క జాగ్రత్త. వాళ్లిచ్చే వాంగ్మూలం నీకు తెలిసిన భాషలో చదివించుకో. మంచివాళ్లే ఇచ్చినా సరే, తెలియని ప్రతి మాట దగ్గరా ఆపి అడుగు. నవ్వితే నవ్వనీ. తర్వాత తెలుగులో, పూర్తి పేరు, పొడి అక్షరాలు లేకుండా సంతకం పెట్టు. ఆ అక్షరాలు అక్కడ ఎవరికీ తెలియకపోతే, వాళ్లూ అడిగి తెలుసుకుంటారు.

ఈసారి నా పేరు చివర పట్టా పేరు తీసేద్దామనుకున్నాను. మళ్లీ ఆలోచించి ఉంచుతున్నాను. కష్టపడి చదివాను, ఇంకా చదువుతున్నాను.

ఇట్లు,
నీకంటే ముందు సంతకం పెట్టిన
నీ అన్నయ్య
మేకల అబ్రహాము, బి.ఏ.