చెలమలో గాజునీళ్లు

వెంకటమ్మనహళ్లి,
20-11-1986.

అమ్మకు,

నీ చిన్నకూతురు హొన్నూరమ్మ కాళ్లకు మొక్కి రాసేది. ఇక్కడ మేమిద్దరం వేళకింత తిని, మా పనులు మేం చేసుకుంటూ బాగున్నాం. అక్కడ నువ్వూ, అక్కా, అక్క ఒళ్లోని పసిదీ బెంగళూరు చలికి తట్టుకుంటున్నారని నమ్ముతున్నాను. నువ్వు మడకశిర బడిలో నేర్చుకుని నాకు నేర్పిన తెలుగు అక్షరాలతోనే రాస్తున్నాను. ఎవరిచేతా చదివించుకోకు, నువ్వే చదువుకో.

చేను సంగతి అడిగావు. వేరుశెనగకు పూత బాగానే పట్టింది కానీ కాయకట్టే ఊడలు మట్టిలోకి దిగే వేళకు వాన లేకపోయింది. పీకి చూస్తే సగం గుల్లకాయలే. ఎండిన తీగ కట్టె మాత్రం గొర్రెలకు మేతగా పనికొచ్చింది. నీ అల్లుడు తిప్పేస్వామి రెండు రోజులు చేనిగట్టుమీదే కూర్చున్నాడు, తర్వాత తనే లేచి విత్తనానికి మంచికాయలు ఏరి దాచాడు. హొసకోట బడిలో నా డ్రాయింగు టీచరు పని ఉండనే ఉంది. తిండికి దిగులు పెట్టుకోకు. ఏరు ఎండి అక్కను కాన్పుకు ఇక్కడికి తెచ్చుకోలేకపోయామని నువ్వు మళ్లీ మళ్లీ బాధపడుతున్నావు. నువ్వే అక్కడికి వెళ్లడం మంచిదయింది.

సీసాపెంకులతో ఇంకా ఏం చేస్తున్నావని కోప్పడ్డావు కదా, చెప్తాను. ఏటి ఇసుకలో చెలమ తీసి, దాని పక్కన కూర్చున్న ఆడమనిషి బొమ్మ చేశాను. పాదాలు, మోకాళ్లు మన గుట్ట రాయి. నడుము నుంచి పైకి కాల్చిన ఎర్రమట్టి. చీర కుచ్చిళ్లకు వేరుశెనగ మిల్లులో అరిగిపోతే పారేసిన ఇనుప జల్లెడ. చెలమలో నీళ్లు మాత్రం గాజు. సోడాసీసాలు, లాంతరు చిమ్నీలు, విరిగిన చేతిగాజులు కలిపి, వేరుశెనగ పొట్టు మంటకు కొలిమితిత్తి ఊది కరిగించాను. ఇనుమూ గాజూ ఒకేలా ముడుచుకోవు, ఒకదానికొకటి అతికిస్తే చల్లారేటప్పుడు గాజే పగులుతుంది. అందుకని వాటి మధ్య సైకిలు ట్యూబు ముక్కలు పెట్టి, గాజును ఇనుప చట్రంలో కూర్చోబెట్టాను. నేను చదువుకున్న చోట ఈ పద్ధతి ఎవరూ చెప్పలేదు. నేనే కనుక్కున్నాను.

నీళ్లకోసం ఏడ్చే ఆడదాన్ని ఊరందరికీ చూపించడమెందుకని రాశావు. ఆమె ఏడవడం లేదమ్మా. ఊట ఊరేదాకా కూర్చుని ఉంది, అంతే.

ఇక నీకు ఇన్నాళ్లూ రాయని మాట ఒకటి ఉంది. ఉగాది దాటి నువ్వు బెంగళూరు వెళ్లిన కొన్నాళ్లకు, బూడిద కింద చల్లారుతున్న గాజుదిమ్మెను తొందరపడి బయటికి తీశాను. చేతుల్లోనే పగిలింది. పెంకు ఎగిరి ఎడమకంట్లో గుచ్చుకుంది. తిప్పేస్వామి నన్ను ఆ పూటే అనంతపురం తీసుకుపోయాడు. డాక్టర్లు చేయగలిగింది చేశారు. ఆ కంటికి చూపు రాలేదు. అక్క మంచం దిగకూడదన్న రోజులవి. చెబితే నువ్వు అక్కను వదిలి వచ్చేస్తావని చెప్పలేదు.

మొదట్లో ఏది ఎంత దూరంలో ఉందో తెలిసేది కాదు. టీ పోస్తే గ్లాసు పక్కన పడేది. ఉలి రాయిమీద పెట్టాననుకుంటే వేలిమీద ఉండేది. అది చూసి నీ అల్లుడు, "ఇంగ చాలు, నిలిపెయ్యి మే. ఉండే కన్నన్నా దక్కించుకో" అన్నాడు. బొమ్మమీద గోనెపట్టా కప్పి, ఆ కొట్టంలోకి వెళ్లడమే మానేశాను.

ఒకరోజు నాగక్క వచ్చింది. ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకునే ఈ బొమ్మ మొదలుపెట్టాను. నా కంటికేసి చూసింది. తనే పట్టా తీసి పక్కన పెట్టి, "ముందు మాదిరే కూకోవల్లా, ఈపక్కకు తిరగల్లా?" అంది.

"ముందు మాదిరే కూకో నాగక్కా" అనేశాను. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

ఆరోజు నుంచి చేత్తో చూడటం నేర్చుకున్నాను. నాగక్క చెంపలు, నుదురు, కళ్లకింది గుంటలు తడిమి, ఆ చేతినే తడిమట్టిమీద పెట్టేదాన్ని. ఆమె నవ్వితే కోప్పడేదాన్ని. తిప్పేస్వామి కొన్నాళ్లు వాకిట్లో నిలబడి చూసి, ఒక సాయంత్రం లోపలికి వచ్చి తిత్తి పట్టుకున్నాడు. "బూడిద నేను తీస్తా. ఎప్పుడు తీయల్లో నువ్వు చెప్పు" అన్నాడు. నా భయం సగం ఆ మాటతో పోయింది. గాజు మళ్లీ పగిలింది, మళ్లీ కరిగించాం. ఇప్పుడు చెలమలో కనిపించేది మేమిద్దరం కలిసి పోసిన నీళ్లు.

బెంగళూరు నుంచి కళాప్రదర్శనవాళ్లు వచ్చి చూసి, బొమ్మను ఎంపిక చేశారు. వచ్చేనెల పంపాలి. కాయల లారీలో పొట్టు పరిచి తెస్తున్నాం, నేనూ అదే లారీలో వస్తాను. నిట్టెండలో కాకుండా, పొద్దు వాలేటప్పటి వెలుగు పడేచోట పెట్టమని వాళ్లకు చెప్పాను. వాళ్లకు నచ్చిందని కాదు గానీ, ఇది మంచిపని అని నాకు తెలుసు.

నువ్వు అక్కతో కలిసి ప్రదర్శనకు తప్పకుండా రా. గుమ్మంలోనే నన్ను పట్టుకుని ఏడవకు. ముందు లోపలికి వెళ్లి చెలమ పక్కన కూర్చున్న ఆమె ముఖం చూడు. రెండు కళ్లూ ఉన్నప్పుడు కూడా నేను అంత బాగా ఎప్పుడూ చేయలేదు. ఆ తర్వాత నా ముఖం చూద్దువుగాని.

ఇట్లు,
నీ చిన్నకూతురు
హొన్నూరమ్మ