రెండు తలల మొక్కు

అంతర్వేది పల్లిపాలెం,
మే 20.

ప్రియమైన బుల్లియ్య బావకి,

కవరు మీద నా పేరు కనిపిస్తే విప్పకుండానే పొయ్యిలో పెడతావని, పంపినవారి దగ్గర నీ చెల్లెలు నూకరత్నం పేరు రాశాను. రాసింది నేను, గంగరాజుని. ఇంతదాకా చదివావు గనక మిగతాది కూడా చదివెయ్యి.

పదకొండేళ్ల కిందట గంగమ్మ తల్లి గుడి ముందు నిలబడి, ఈ నోటితో నీతో మాట్లాడనని ఒట్టేశాను. ఆ ఒట్టు తప్పలేదు, తప్పను కూడా. కానీ ఆవేళ చేతి సంగతి ఏమీ అనలేదు. పైగా ఈ చేతికి అక్షరాలు నేర్పింది నువ్వే. నా పెళ్లయిన కొత్తలో, దరిన బోర్లించిన తారు పడవ మీద సుద్దముక్కతో అ ఆలు దిద్దించావు. ఆ తర్వాతి చదువంతా నేను చేపలు చుట్టే పేపర్లలోనే చదువుకున్నాను. అందుకే లోకంలో ప్రతి సంగతీ నాకు సగమే తెలుసు. ఒక మంత్రి రాజీనామా చేశాడని చదివాను, ఎందుకు చేశాడో రొయ్యల కింద తడిసిపోయింది. ఇప్పటికీ ఆ మంత్రి గురించి ఆలోచిస్తూనే ఉంటాను.

సరే, అసలు సంగతి. నా జుట్టు పోతోంది బావా.

పోయిన నెల నేను వల బాగుచేసుకుంటుంటే మనవరాలు పావని వెనక నుంచి ఫోనులో ఫొటో తీసి చూపించింది. ఎవరమ్మా ఈ ముసలాయన, పాపం నెత్తి మీద అరిటాకంత ఖాళీ ఉంది అన్నాను. నువ్వే తాతయ్యా అంది. కాదని కాసేపు వాదించాను గానీ, ఫొటోలో చొక్కా నాదే. నా జుట్టు ఎలాంటిదో నీకు తెలుసు. పెళ్లిచూపులనాడు మీ అమ్మ, కుర్రాడికి ఇల్లు లేదు, పడవ లేదు, జుట్టు మాత్రం ఉంది అని పిల్లనిచ్చింది. నీ చెల్లెలు పదిహేను రోజులు ఉల్లిపాయ రసం రాసింది. ఈగలు వచ్చాయి గానీ జుట్టు రాలేదు.

అరవై ఎనిమిదేళ్లవాడికి జుట్టు పోతే లోకానికేం నష్టం అంటావు. లోకానికి లేదు. మా నరసింహస్వామికి ఉంది. ఇరవై తొమ్మిదేళ్లుగా ఎవరికీ చెప్పనిది నీకు చెబుతున్నాను.

తొంభై ఆరు తుఫాను నాటికి నేనూ నీ చెల్లెలూ మీ యానాంలోనే ఉన్నాం, నువ్వు వేటకి పోయి ఉన్నావు. రెండో రోజుకి కూడా నువ్వు రాకపోయేసరికి, రేవులో కట్టి ఉన్న ఓ చిన్న పడవ తీసుకుని నిన్ను వెతకడానికి పోదామనుకున్నాను. తాడు ముడి ఊడి రాలేదు. ఏడో ఏట నుంచి ముడులు వేస్తూ విప్పుతూ పెరిగినవాణ్ణి, ఆ ఒక్క ముడి నాకు లొంగలేదు. పళ్లతో లాగాను. ముందు పన్ను ఎలా పోయిందని నువ్వెన్నిసార్లు అడిగినా మెట్ల మీద పడ్డానని చెప్పానే, ఇలా పోయింది. కత్తి తెచ్చి కోద్దామని ఇంటికి పరిగెత్తి వచ్చేసరికి ఆ పడవ రేవులోనే రెండు ముక్కలై తేలుతోంది. అక్కడే ఇసకలో కూలబడి, బావని దరికి చేర్చు స్వామీ, ఇద్దరం కలిసొచ్చి పక్కపక్కన కూర్చుని తలనీలాలు ఇచ్చుకుంటాం అని మొక్కేశాను. నా తల ఒక్కటే మొక్కవలసింది. భయంలో నీది కూడా కలిపేశాను. మూడో రోజు నువ్వు మడచెట్లు పట్టుకుని బతికి వచ్చావు.

ఆ మర్నాడే నీకు చెప్పవలసింది. నవ్వకు, నాకు నా జుట్టు మీద మోజు. పై ఏడు ఇద్దాంలే అనుకున్నాను. పై ఏడు వచ్చాక ఆ పై ఏడు అనుకున్నాను. గుడి గోపురం మా వీధి చివరికి కనిపిస్తుంది. అటు చూడకుండా నడవడం అలవాటు చేసుకున్నాను. నువ్వేమో తుఫానైన నెల్లాళ్లకే గుండుతో కనిపించి, పేలు పట్టాయన్నావు. మూడు రోజులు ఉప్పునీళ్లలో నానిన తలలో బతికిన పేలని ఓసారి చూపించమని నలుగురిలో నిన్ను ఆట పట్టించాను. ఎలాగూ బావ తల ఇప్పుడే గీశారు, పెరగనీ అని అదో వంక.

ఆ తర్వాత పులస గొడవ వచ్చింది. సముద్రంలో ఉన్నంతసేపూ ఇలస, వరద ఎర్రనీటికి ఎదురీది గోదారి ఎక్కాక పులస. ఈ తేడా మన ఇళ్లలో పళ్లు రాని పిల్లలకి కూడా తెలుసు. మీ అమ్మాయి హారతి నిశ్చితార్థానికని మూడు రోజులు వరద మీద తిరిగి పట్టి తెచ్చిన పులస అది. పందిట్లో, విస్తళ్ల ముందు, నీ వియ్యంకుడు వింటుండగా నువ్వు, "పులస కాదండి, ఇలసండి ఇది. మా గంగరాజుకి తేడా తెలీదండి" అన్నావు. చేపల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి అంత మాట అన్నావు.

అది అలా ఉంచు. మొక్కు మొక్కే. ఇద్దరం అన్నాను గనక ఇద్దరం ఇవ్వాలి. ఈ వానాకాలం దాటితే స్వామికి ఇచ్చుకోడానికి నా దగ్గర చెవుల మీద వెంట్రుకలు తప్ప ఏమీ మిగలవు. అందుకని ఉండగానే గుండు చేయించుకోవాలని నిశ్చయించుకున్నాను. నీకేం, మొన్న మీ వీధిలో పెళ్లి ఫొటోలు పావని ఫోనులో చూశాను. డెబ్భై దాటినా ఒత్తుగా, నల్లగా, తుమ్మెద రెక్కల్లా ఉంది నీ జుట్టు. అంత జుట్టు ఇచ్చెయ్యమని అడగడానికి నోరు రాదు. నోరు ఎలాగూ నా చేతిలో లేదు. వచ్చి, మాట్లాడకుండా కూర్చుని, మాట్లాడకుండానే వెళ్లిపో.

నిన్నడక్కుండా నీ తల తాకట్టు పెట్టినవాడు,
గంగరాజు


అంతర్వేది పల్లిపాలెం,
జూన్ 10.

బావకి,

ఇరవై రోజులైనా నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. పోస్టుమాన్ కనబడినప్పుడల్లా లేచి నిలబడుతున్నాను. ఆయన నాకు వయసుతో పాటు మర్యాద కూడా పెరిగిందనుకుంటున్నాడు.

ఈలోగా ఒక ఘోరం జరిగింది. దువ్వెనకి ఊడివచ్చిన జుట్టు కూడా మొక్కులోదే కదా అని, రోజూ తీసి ఓ మందుల కవరులో వేసి చూరులో దాచుకుంటున్నాను. చిక్కుజుట్టుకి స్టీలు సామాన్లు ఇచ్చే ఆవిడ మా వీధిలోకి వచ్చిందట. నీ చెల్లెలు తన జుట్టుతో పాటు నా కవరు కూడా ఇచ్చేసి ఒక గ్లాసు తీసుకుంది. వారం రోజులు ఆ గ్లాసులోనే టీ తాగి, గ్లాసు బాగుందే, ఎక్కడిదని అడిగాను. చెప్పింది. దేవుడి సొమ్ముతో టీ తాగిన పాపం ఎటు పోతుందోనని లబోదిబోమన్నాను. అలా మొక్కు సంగతీ, నీకు ఉత్తరం రాసిన సంగతీ అన్నీ బయటపడ్డాయి.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. గ్లాసు కడిగి బోర్లించి, "జుట్టు ఇవ్వడానికి నీకు మా అన్నయ్య కావలసొచ్చాడు. నాకు అన్నయ్య కావాలని పదకొండేళ్లలో ఒక్కసారైనా తోచలేదేంటయ్యా" అంది.

ఎన్ని పేపర్లు చదివానో బావా, ఈ సంగతి ఒక్కదాన్లోనూ లేదు. పుట్టింటికి పొద్దున్న వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తుంటే, నా మీద బెంగతో వచ్చేస్తోందనుకున్నాను. అక్కడ నా పేరు ఎత్తలేక, ఇక్కడ నీ పేరు ఎత్తలేక తిరుగుతోందని ఇప్పుడు తెలిసింది.

వేట నిషేధం ఇంకో నాలుగు రోజుల్లో అయిపోతుంది. ఇరవై ఒకటో తారీకు శనివారం పొద్దున్న నేను గుళ్లో కూర్చుంటాను. నా పక్కన పీట ఖాళీగా ఉంచుతాను. నువ్వు వస్తే మొక్కు తీరుతుంది. రాకపోతే నా తల ఇచ్చేసి, రెండో తల సంగతి మీరూ మా బావా చూసుకోండి స్వామీ అని చెప్పేస్తాను. పులస సంగతి నేను వదిలేశాను. ఇలసే అనుకో. ఈ మాట రాయడానికి మధ్యాహ్నమంతా పట్టింది.

నీ చెల్లెలి మొగుడు,
గంగరాజు


యానాం,
జూన్ 16.

ఒరే గంగరాజూ,

నీ మొదటి ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఊగే పడవ మీద నేర్చుకున్నట్టుంది నీ రాత, నేను నేర్పినప్పుడు పడవ దరినే ఉందే. జవాబు రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక లేచిపోయాను.

అది పులసే. నోట్లో పెట్టగానే తెలిసింది. అంత మంచి పులస అంతకుముందు తినలేదు, తర్వాతా తినలేదు. కానీ నా వియ్యంకుడు ముల్లు చప్పరిస్తూ, "ఏటా వరదలకి ఒకటి మాకు పంపుతూ ఉండాలండి బావగారూ" అన్నాడు. ఏటా పులస ఎక్కణ్ణుంచి తెస్తామురా? ఓ ఏడు దొరక్కపోతే మాట పడేది హారతి. నాకు ఆ క్షణాన తోచింది ఒక్కటే, ఇలస అనేశాను. సాయంత్రం నీకు చెవిలో చెబితే ఇద్దరం నవ్వుకుంటాంలే అనుకున్నాను. నువ్వు ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే లేచి గంగమ్మ గుడికి పోయి ఒట్టేసి వచ్చావు. మాట్లాడనన్నవాడి వెంటపడి నేనెందుకు చెప్పాలని నాకూ పౌరుషం వచ్చింది. పదకొండేళ్లు అలా పోయాయి.

ఇంకోటి. అవి పేలు కావు. మడకొమ్మ పట్టుకుని వేలాడుతున్నప్పుడు తుఫాను భయం ఒక వంతైతే నీ భయం రెండు వంతులు నాకు. ఆ గంగరాజుగాడికి ఆలోచన తక్కువ, నన్ను వెతుక్కుంటూ పడవ తీస్తాడు, చెల్లెలు ఏమైపోతుంది అని. వాడు పడవ తియ్యకుండా చూడు తండ్రీ, తలనీలాలు ఇచ్చుకుంటానని ద్రాక్షారామం భీమేశ్వరస్వామికి మొక్కాను. నెల తిరక్కుండా ఇచ్చాను. నీకు చెబితే నన్ను పిరికివాణ్ణంటావని పేలన్నాను. తాడు ముడి ఊడి రాలేదని నువ్వు రాసేదాకా నాకు తెలీదు. నీ పన్ను నా మొక్కు వల్లే పోయింది, ఏమీ అనుకోకు.

ఇక నా జుట్టు. తుమ్మెద రెక్కలన్న చోట మీ అక్క లోవలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది. అది విగ్గురా. తొమ్మిదేళ్ల కిందట అల్లుడు కొనిపెట్టాడు. మా ఇంట్లోవాళ్లకి తప్ప యానాంలో ఎవరికీ తెలీదు, నీ చెల్లెలికి కూడా. కింద ఉన్నది చూస్తే నీ అరిటాకు చిన్నదంటావు. స్వామికి ఏమివ్వాలా అని ఆలోచిస్తే అల్లుడు చెప్పింది గుర్తొచ్చింది. ఇది అసలు జుట్టేనట, గుళ్లలో ఇచ్చిన తలనీలాలు వేలంలో కొని చేస్తారట. ఏ తల్లి ఏ కష్టంలో ఏ స్వామికి ఇచ్చుకుందో, తిరిగి తిరిగి నా నెత్తికెక్కింది. నువ్వు నా తల మొక్కావు గనక, చెవుల పక్కన ఉన్న నాలుగూ గీయించుకుని, ఇది కూడా ఆయనకే ఇచ్చేస్తాను.

శనివారం మొదటి బస్సుకి వస్తాను. మాట్లాడను. ఒట్టు నీది, నేను ముందు తేలికవడమేంటి.

నీ బావ,
బుల్లియ్య

తా.క. ఆ గ్లాసు నాకు చూపించు.


అంతర్వేది పల్లిపాలెం,
జూన్ 23.

బావకి,

మొన్నటి సంగతి నీకు తెలిసిందే, పక్క పీట మీదే ఉన్నావు. కానీ తల వంచుకుని ఉన్నావు గనక నీకు కనబడనివి కొన్ని రాస్తున్నాను. ముందు క్షురకుడు మన టికెట్లు చూసి, తలలు చూసి, మళ్లీ టికెట్లు చూసి, "ఏం తియ్యమంటారండి" అన్నాడు. నువ్వు జుట్టు మొత్తం ఒక్కసారిగా ఊడదీసి ఆయన చేతిలో పెట్టేసరికి ఆయన కత్తి కింద పెట్టి దణ్ణం పెట్టాడు. అప్పటిదాకా గుక్కపట్టి ఏడుస్తున్న పుట్టువెంట్రుకల పిల్లాడు ఏడుపు ఆపి నీ వంకే చూస్తూ ఉండిపోయాడు. వాళ్లమ్మ నీకు ఎంతో రుణపడిందట.

నీ నెత్తి మీద చన్నీళ్లు పోస్తే భుజాలు వణికాయి. "ఆయనకి జలుబు చేస్తుందండి" అన్నాను. అది క్షురకుడితో అన్నది, ఒట్టు తప్పలేదు. "నాకేం కాదురా" అన్నావు నువ్వు. అది కూడా ఆయనతోనే అన్నావనుకుందాం. కానీ అంతకుముందు దాకా ఆయన్ని అండీ అనే పిలిచావు. ఒట్టు తీసెయ్యమని గంగమ్మ తల్లినే అడుగుదామనుకున్నాను గానీ, పూజారి దానికి కూడా జుట్టు ఇమ్మంటే ఎక్కణ్ణుంచి తేను? పెరిగాక అడుగుతాను, పెరిగితే.

నీ చెల్లెలు నీతో బస్సెక్కేటప్పుడు, పది రోజులు ఉండి వస్తానంది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఉండనీ. ఇంట్లో ఇప్పుడు నేనూ, ఆ స్టీలు గ్లాసూ. నా గుండు చూసి ఊళ్లో దారిన పోయేవాళ్లంతా ఆగి, "ఎవరు పోయారండి" అని గొంతు తగ్గించి అడుగుతున్నారు. ఎవరూ పోలేదండి, ఒకాయన తిరిగొచ్చాడండి అని చెబుతున్నాను.

గోదారిలో ఎర్రనీరు తగిలిందంటే వల తీసుకుని బయల్దేరతాను. మొదట పడిన పులస పట్టుకుని యానాం వస్తాను. నీ వియ్యంకుణ్ణి కూడా పిలు. అందరి ముందూ నీ ఇష్టం వచ్చిన పేరు పెట్టుకో. ఈసారి చెయ్యి కడుక్కునేదాకా ఆగుతాను.

నీ పక్క పీటవాడు,
గంగరాజు