తెల్లరాయికి స్నానం చేయించిన వైనం

2 డిసెంబర్ 1979
మా దీవి కాలేజీ ట్రెక్కింగ్ క్లబ్బు నన్ను హిస్టరీ ఇన్‌చార్జిగా ఏకగ్రీవంగా ఎన్నుకుంది. హాజరైనవాళ్లం ఇద్దరం. రెండోవాడు దేవకుమార్. కొండ దారి పొడుగునా చూడదగ్గవాటికి బోర్డులు పెట్టాలి. జపానువాళ్ల బంకరుకి ఒకటి, దొరల కాలం బావికి ఒకటి, పైనున్న తెల్లరాయికి ఒకటి. బంకరు సంగతి అందరికీ తెలుసు. బావిలో కప్పలున్నాయి. తెల్లరాయి చరిత్ర మాత్రం ఎవరికీ తెలీదు. అంటే అది పూర్తిగా నా చేతిలో ఉంది.

5 డిసెంబర్, సాయంత్రం
రాసేశాను. ఒక తెల్లదొర, సముద్రంలో పోయిన భార్య కోసం ఈ రాయి మీద కూర్చుని పదకొండేళ్లు ఏడ్చెను. దేవకుమార్ చదివి, పదకొండేళ్లూ వాడికి క్యారేజీ ఎవరు తెచ్చేవారు యార్ అన్నాడు. పండితులకి ఇలాంటి శత్రువులు తప్పరు.

9 డిసెంబర్
రాయిని శుభ్రం చేశాం. తెలుపంతా సున్నమే, పొర మీద పొర. అడుగున దొర పేరు చెక్కి ఉంటుందని ఆశ. ఆరు గంటలు ఉలీ, ఇనప బ్రష్షూ. అడుగున నల్లరాయి ఉంది. పేరు లేదు. అయినా ‘ఒరిజినల్ రూపం తెప్పించడమైనది’ అని బోర్డులో చేర్చాను.

10 డిసెంబర్
జోగులు చిన్నాన్న పడవ రాళ్లకి కొట్టుకుంది.

11 డిసెంబర్
మనుషులకేం కాలేదు. చుక్కాని విరిగింది. చిన్నాన్న డైరీ ఫార్మ్ పేటలోని మా ఇంటికొచ్చి నాన్న దగ్గర ఒకటే గోల. సూరీడు దిగే ఏళకి ఒడ్డుకొత్తన్నాం, కొండ మీద తెల్లరాయి లేదన్నా, ఎవడో ఎత్తుకుపోనాడు అని. పగడపు రాళ్ల మధ్య దారి పడవకంటే రెండు మూరలే వెడల్పట. పైన తెల్లరాయి, కింద చర్చి శిలువ ఒకే గీతలోకి వస్తేనే లోపలికి తిప్పాలట. రాయి తెల్లబడేదాకా ఏ పడవా కదలదట.

ఎత్తుకుపోలేదు చిన్నాన్నా, స్నానం చేయించాం అన్నాను. కొడతాడనుకున్నాను. బి.ఏ. సదివినోడా, అన్నాడు. కొట్టినా బాగుండేది.

ఇంతకీ దానికి సున్నం వేసేదెవరు? సర్కారోళ్లు అన్నాడు చిన్నాన్న. గంగమ్మ తల్లి అన్నాడు ఆయనతో వచ్చిన నూకన్న. వంటింట్లోంచి మా నాయనమ్మ కాళమ్మ, నాను, అంది.

నానూ, గవరమ్మా, యర్రమ్మా, ఏటేటా వానలెల్లిపోనాక, అంది. మెయిన్‌లాండ్ నుంచి ఈ దీవికి వచ్చిన మొదటి ఏడు, తాత పడవ దారి దొరక్క చీకటి పడేదాకా రాళ్ల అవతలే తిరిగిందట. మర్నాడు నాయనమ్మ గుల్లలు కాల్చి, సున్నం చేసి, కొండెక్కింది. ఇరవయ్యేళ్లయింది. మరి చెప్పలేదేమే అమ్మా అన్నాడు చిన్నాన్న. ఎవులడిగినార్రా, అంది.

నేనూ అడగలేదు. హిస్టరీ ఇన్‌చార్జిని.

13 డిసెంబర్
సున్నం డబ్బా నేను మోశాను. డెబ్బయ్యేళ్ల గవరమ్మ నన్ను దాటిపోతూ, జల్దీ చల్ బేటా, దొర ఏడుస్తన్నాడు అంది. బోర్డు సంగతి ఊరంతా పాకింది.

చిన్నాన్నా వచ్చాడు. ఇన్నేళ్లు దాన్ని నమ్ముకుని ఇంటికొచ్చినవాడు, ముట్టుకోవడం ఇవాళే. చుట్టూ తిరిగాడు. ఇంతేనా, నీళ్ల మీంచి సూస్తే ఏనుగంత ఉంటాది గదా అన్నాడు. చేత్తో రెండుసార్లు తట్టాడు. బ్రష్షు అడిగితే నాయనమ్మ ఇవ్వలేదు. మగోళ్లు చారలు చారలుగా పూత్తారంట.

14 డిసెంబర్
దొరని చెరిపేశాం. పదకొండేళ్ల దుఃఖం ఒక్క గుడ్డతో పోయింది. ముగ్గురి పేర్లూ రాశాం. దేవకుమార్ అక్షరాలు నాకంటే గుండ్రంగా ఉంటాయి, వాడికే ఇచ్చాను. నాయనమ్మకి చదివి వినిపించాను. ఏటేటా అని రాసినావా అంది. రాశాను. అయితే పైయేడు డబ్బా నువ్వే మొయ్యాల, అంది.

19 డిసెంబర్, ఉదయం
కొత్త చుక్కాని చిన్నాన్న నా చేతికిచ్చాడు. రాయి, శిలువ, ఒకే గీత. పడవని లోపలికి తెచ్చాను. రెండుసార్లు వాంతి చేసుకున్నాను. ఈ వెనకటి వాక్యం చరిత్రకి అక్కర్లేదు.