చదివాకే తెరవండి

ప్రియమైన నాన్నగారికి,

మీ పెద్దమ్మాయి వందనములు. ప్రభువు కృపవల్ల మేం బాగానే ఉన్నాం. అక్కడ మీరూ అమ్మా ఆరోగ్యంగా, తగువులు తక్కువగా ఉన్నారని తలుస్తాను.

మోకాలికి డాక్టరు ఇచ్చిన మందు వాడుతున్నానని మీరు రాశారు. వాడటం లేదని అమ్మ ఆ ఉత్తరం చివరే రాసింది. పాస్టరుగారై ఉండి కూతురికి అబద్ధం రాయొచ్చా?

మీరు రాసి పంపిన ప్రార్థనని జనం చదువుతున్నారా అని అడిగారు. ఇక్కడి భాషలోకి మార్చి, అచ్చు వేయించి, చర్చి పంచే బియ్యం, పప్పు, పాలపొడి పెట్టెలతో పాటు ఇస్తున్నాం. మేం పంచేది పొట్ట చేతపట్టుకుని ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళుండే పేటలో. శనివారాలు మీ అల్లుడుగారు వ్యాను నడుపుతారు, నేను గుమ్మం గుమ్మానికీ వెళ్ళి ఇస్తాను.

ఆ పేటలో ఒక గ్యారేజీ వెనక గదిలో ఒకామె ఉంటుంది. దుకాణాలు తుడుస్తుంది, ఇద్దరు ఆడపిల్లలు. చిన్నది బడిలో కళ్ళు తిరిగి పడిపోయిందని నిన్న టీచరు చర్చికి కబురు పెట్టింది. వారం వారం పెట్టె ఇస్తున్న ఇల్లు కదా, అమ్ముకుంటోందేమోనని కోపంగానే వెళ్ళాను. మంచం కింద గత ఐదు వారాల పెట్టెలూ ఉన్నాయి. ఒక్కటీ విప్పలేదు. దుమ్ము పడకుండా దుప్పటి కప్పి ఉంచింది.

"ఎందుకమ్మా తినలేదు?" అని మీ అల్లుడుగారు అడిగారు.

"చదివాకే తెరవమన్నారుగా అక్కా," అంది నా వైపు చూసి. "మాకు ఈ అక్షరాలు రావు. పక్కవాళ్ళకీ రావు. దేవుడి తిండి కదా, మాట తప్పితే పిల్లలకి మంచిది కాదని ఆగాం."

నాన్నగారూ, ఆ షరతు మీది కాదు, చర్చిదీ కాదు. నాది. ఈ సంగతి మీకు రాయకుండా దాచాను. మొదట్లో మీ కాగితాన్ని పెట్టెలో ఊరికే పడేసేదాన్ని. ఒకరోజు ఆ కాగితాలు మురిక్కాలవలో కనిపించాయి. మా నాన్న రాసిన మాటలు అలా పారేస్తారా అని ఒళ్ళు మండిపోయింది. తర్వాతి శనివారం నుంచి మూత మీద అడ్డంగా అంటించి, ప్రతి గుమ్మంలోనూ వేలు పెట్టి చూపించి మరీ చెప్పాను. ఎంత బాగా ఆలోచించానో అని మురిసిపోయాను కూడా. ఆ తల్లి తెచ్చే అరకొర సంపాదనతో పిల్లలు ఒంటిపూట తింటుంటే, తిండి మాత్రం మంచం కిందే ఉంది.

ఆ కాగితాన్ని గోళ్ళతో గీకి చింపేశాను. పాలు కలిపి చిన్నదాని చేతికిచ్చాను. అది తాగలేదు. గ్లాసు పట్టుకుని నా నోటి వంకే చూస్తూ కూర్చుంది, నేనేదో చదవాలని. "ఏం లేదమ్మా, తాగు," అన్నాను. ఏడుపు ఆగలేదు నాకు.

మీరు కోప్పడినా పడతాను. నలభై గుమ్మాల్లో ఆ మాట చెప్పాను నాన్నా. ఆమె ఇంటితో కలిపి నిన్న పది ఇళ్ళు తిరిగాం. నాలుగిళ్ళలో పెట్టెలు విప్పనేలేదు. ఇంకా ముప్ఫై ఇళ్ళున్నాయి. మీ అల్లుడుగారు కింద వ్యాను తీశారు, వెళ్తున్నాను.

ఇట్లు,
మీ పెద్దమ్మాయి