హీరో వెంట ఉడుతపిల్ల

గరివిడి, జూన్ 2014, ఆదివారం రాత్రి

ఒళ్లు హూనమైపోయింది. బస్సు ప్రయాణం వల్ల మాత్రమే కాదు.

అత్తయ్యకు ఒంట్లో బాగోలేదంటే నాన్నతో శృంగవరపుకోట వెళ్లాను. బావ స్నేహితులతో కూర్చుని ఎప్పటిలాగే ఆ వీడియో గేమ్ ఆడుతున్నాడు. అందులో గులాబీ రంగు ఉడుతపిల్ల ఒకటి ఉంటుంది. ఎన్ని కొత్త భాగాలొచ్చినా అది హీరో మీద ప్రేమతో వెంటపడుతూనే ఉంటుంది, వాడు పారిపోతూనే ఉంటాడు. నేను టీ తెచ్చేసరికి బావ టీవీ వైపు చెయ్యి చూపించాడు.

"ఒరే, సూడండ్రా, ఇది అచ్చం మా మావ కూతురే!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తిరుగు బస్సులో నాన్నతో చెప్పేశాను. "బావతో పెళ్లి నాకొద్దు నాన్నా."

"ఏటే, ఆడే కావాలని కూకున్నది నువ్వే కదా?"

"ఇంకో ఏడాది, ఇంకో ఏడాది అంటన్నాడు. ఎదురుసూసి అలిసిపోనాను."

నాన్న కిటికీ వైపు తిరిగాడు. "సర్లే, మీ అత్తకి నేను సెప్తాను" అన్నాడు.

ఏం జరిగిందని ఒక్క మాటైనా అడగలేదు. అంటే బావ మనసు ఆయనకు ఎప్పుడో తెలుసన్నమాట. మరి ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదో...