ఫైన్ గదిలో ఖాళీ

14 నవంబర్, ఆదివారం

అక్కకు నీ చెల్లెలి నమస్కారాలు. బావకు కూడా నా నమస్కారాలు చెప్పు. పాపను నా బదులు నువ్వే గట్టిగా ముద్దు పెట్టుకో. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. అక్కడ మీ ముగ్గురూ చల్లగా ఉండాలని రోజూ అనుకుంటూనే ఉంటాను.

బావకు పని పోయిందని నువ్వు రాసినప్పటి నుంచి నీ మరిదికి అదే ధ్యాస. ఇవాళ సెలవు కావడంతో పక్కనే కూర్చుని నాచేత ఈ ఉత్తరం రాయిస్తున్నారు. ముందు అసలు సంగతి రాయవే, నీ సోది తర్వాత రాసుకో అంటున్నారు. అసలు సంగతి ఏమిటంటే, మిల్లులో నీ మరిది పనిచేసే గదిలో ఒక ఖాళీ రాబోతోంది. బావ వస్తే ఈయన మాట మీద సూపర్‌వైజరు తీసుకుంటాడట. మిగతా గదులకన్నా ఆ గదిలో జీతం ఎక్కువ. ఆలస్యం చేయకుండా బయలుదేరమని రాయమన్నారు. రాశాను.

ఇక నా సోది. నేను ఇంగ్లీషు నేర్చుకుంటున్నానంటే పడీపడీ నవ్వకు. నేర్చుకున్నది ఒక్కటే మాట. ఫైన్.

కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు ఈయన క్యారియర్ మరచిపోయి వెళ్ళారు. భయపడుతూనే మిల్లు గేటు దాకా తీసుకెళ్ళాను. అక్కడ సూపర్‌వైజరు నిలబడి, ఎవరమ్మా నువ్వు అని అడిగాడు. ఫలానా ఆయన భార్యనని గొణిగాను. అతను క్యారియర్ వైపు చూసి, ఫైన్ ఫైన్ అని చేయి ఊపాడు. నాకు తెలిసిన ఫైన్ బడిలో ఆలస్యంగా వెళితే కట్టించుకునేదే. ఒకటి కాదు, రెండు వేశాడే అని క్యారియర్ అక్కడే స్టూలు మీద పడేసి ఇంటికి పరుగెత్తుకొచ్చి ఏడ్చాను. సాయంత్రం ఈయన రాగానే, నా మూలంగా మీకు రెండు జరిమానాలు పడ్డాయండీ అన్నాను. ఓసి పిచ్చిమొహమా, ఫైన్ అంటే బాగుందని కదే అంటూ ఎంత నవ్వారో! అప్పట్లో ఆయన నవ్వితే పక్కింటికి వినబడేది.

మూడో ఫైన్ మిల్లులో ఉంది. వాళ్ళు తెల్లరాయిని పిండి పడతారు. మొదటి గదిలో ముతక, రెండో గదిలో రవ్వ, చివరి గదిలో ఫైన్. ఆ చివరి గదే నీ మరిదిది. ఆ పిండి వేళ్ళ మధ్య రుద్దితే ఏమీ తగలదక్కా. ఈయన చొక్కా బకెట్లో నానబెడితే వేరే మట్టయితే అడుక్కి దిగుతుంది, ఇది దిగదు. తెల్లారి చూసినా నీళ్ళు పాలలాగే ఉంటాయి. తువ్వాలు దులిపితే, మేం భోంచేసి లేచేదాకా కిటికీ ఎండలో తిరుగుతూనే ఉంటుంది.

మిల్లు డాక్టరు ఒకడున్నాడు. అందరినీ వరసలో నిలబెట్టి, చొక్కా మీదే గొట్టం ఆనించి, ఫైన్ అంటాడు. వెనకవాడి వంతు రాకముందే వాడికీ ఫైన్ అనేస్తాడట. కుళాయి దగ్గర ఆడవాళ్ళు, ఏమ్మా, మీ ఆయన ఫైనా, డబుల్ ఫైనా అని వేళాకోళం ఆడతారు. బయటి డాక్టరు దగ్గరికి వెళ్ళి చీటీ తెచ్చుకుంటే మాత్రం ఇంకో ఫైన్ ఉంది. అది కట్టే ఫైన్.

మా మేడ మీద ఇంగ్లీషు పాఠాలు చెప్పే టీచరమ్మ ఉంటారు. బాగుందన్నా, జరిమానా అన్నా, మెత్తని పిండి అన్నా ఒకే మాట ఎలా అయిందండీ అని ఎలాగో నోరు పెగుల్చుకుని అడిగాను. ఆవిడ సంబరపడిపోయి, లోపలికి రా అమ్మాయ్ అని లావుపాటి పుస్తకం తీశారు. మూడూ ఒక తల్లి పిల్లలేనట. ఏదో పాత భాషలో ఆ తల్లికి అర్థం, అంతం. పనిని అంతు దాకా తీసుకెళితే వచ్చేది నాణ్యం, అందుకని బాగుందనడం. తగువు అంతం చేసుకోవడానికి కట్టేది జరిమానా. ఇక నూరడానికేమీ మిగలనిది మెత్తనిది. ఫినిష్, ఫైనల్ కూడా ఆ ఇంటి ఆడపడుచులే అని నవ్వి, అయినా ఇవన్నీ నీకెందుకమ్మా అన్నారు. మా ఆయన ఫైన్ గదిలో చేస్తారండీ అన్నాను.

ఆవిడ పుస్తకం మూసేశారు. మీరుండే ఇంట్లో మీకు ముందున్నాయన కూడా అందులోనే చేసేవాడు అన్నారు. ఇప్పుడెక్కడున్నారండీ అంటే, సొంతూరు వెళ్ళిపోయాడు అన్నారు. మరి ఆయనకు ముందున్నవారు? ఆయనా సొంతూరే. వాళ్ళ కబుర్లేమైనా తెలుస్తాయా అండీ అన్నాను. టీ తాగుతావా అని వంటింట్లోకి వెళ్ళిపోయారు.

సరే, సోది చాలించమంటున్నారు. బావ ఏ రోజు బయలుదేరేదీ వెంటనే తెలియజేయమని నీ మరిది మరీమరీ చెబుతున్నారు. పాప జాగ్రత్త.

ఎప్పటికీ నీ
చెల్లి

తా.క. ఆయన పైదంతా చదివి, ఆడవాళ్ళ ఉత్తరమంటే ఇంతే అని, అంటించమని నాకిచ్చి పడుకున్నారు. సోదిలోంచి అసలు సంగతి నువ్వే పోల్చుకుంటావులే అనుకున్నాను. పోల్చుకోలేకపోతేనో అని అంటించబోయి ఆగి ఇది రాస్తున్నాను. బావను పంపకు.

రాబోయే ఖాళీ నీ మరిదిదే. మెట్ల మధ్యలో ఆగిపోయి, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగుతున్నారు. ఎవరికీ తెలియకుండా బయటి డాక్టరుకు చూపించాం. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది, పాడైంది ఇక బాగుపడదు, మిగిలింది దక్కాలంటే ఆ గది మానెయ్యాలి అన్నాడు. ఈయన వెళ్ళి సూపర్‌వైజరు కాళ్ళావేళ్ళా పడ్డారు. గేటు దగ్గర కూర్చోబెడతాను గానీ ఇక్కడివాళ్ళెవరూ ఆ గదిలోకి రారు, నీ చోటుకి మీవాళ్ళలో ఒకణ్ణి తెచ్చి చూపించు అన్నాడట.

అన్నీ వదిలేసి వెళ్ళిపోదామండీ అన్నాను. కూర్చుని చేసే పని నాకింకెవడిస్తాడే అన్నారు. మరి బావో అన్నాను. ఆయనకు నేను ఎదురు ప్రశ్న వేయడం అదే మొదలు. గోడవైపు తిరిగి, బావది గట్టి ఊపిరి అన్నారు. చెడ్డమనిషి కాదక్కా. ఆ పూట కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టకుండా లేచిపోయారు.

బావ రాకపోతే ఈయన ఆ గదిలోనే ఉంటారు. అది తెలిసే రాస్తున్నాను. బావకు అక్కడే పని కుదిరిందని జవాబు రాయి, ఇంకేమీ రాయకు. ఈయనే విప్పి చదువుతారు. చదివి నా మొహంలోకి చూస్తారు. నాకు అబద్ధమాడటం రాదని ఆయనకు తెలుసు.