కాలువ గట్టు నడక ఆపవద్దు, తప్పు నాది

హచ్చొళ్ళి,
సోమవారం.

కాలువల విభాగం ఇంజనీరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: హచ్చొళ్ళి కాలువ గట్టు మీద ఆదివారం ఉదయపు నడక, పరుగు నిలిపివేస్తూ తమరు ఇచ్చిన ఉత్తర్వు రద్దు చేయుట గురించి, బదులుగా నా ఒక్కడి మీద చర్య తీసుకొనుట గురించి.

రైసు మిల్లులో కాటా రాసే ఎర్రప్ప, వయస్సు అరవై ఒకటి, సవినయంగా మనవి చేసుకునేది ఏమనగా:

1. మా ఊరిలో రెండేళ్లుగా ప్రతి ఆదివారం ఉదయం ఆరు గంటలకు వంతెన దగ్గర బయలుదేరి, తూము దాకా పోయి తిరిగి వంతెన చేరేవాళ్లం. మొత్తం అయిదు కిలోమీటర్లు. చేతనైనవారు పరిగెత్తేవారు, మిగతావారు నడిచేవారు. హైస్కూలు డ్రిల్లు మాస్టరు ఉమేశ్ దీన్ని మొదలుపెట్టాడు. రుసుము లేదు, బహుమతి లేదు. మొదట వచ్చింది ఎవరని అడిగినవారూ లేరు. నాట్లు వేసే ఆడవాళ్లు, మిల్లు హమాలీలు, బ్యాంకు మేనేజరు అందరూ ఆ ఒక్క పూట ఒకే గట్టు మీద ఒకే దుమ్ము పీల్చారు.

2. ఇందులో కట్టడి ఒక్కటే. అందరికంటే వెనక ఒక మనిషి ఎర్ర తువ్వాలు భుజాన వేసుకుని నడవాలి. ముందున్నవారు ఎంత నిదానంగా నడిచినా వారిని దాటకూడదు. ఎర్ర తువ్వాలు వంతెన చేరితే గట్టు మీద మనవాళ్లు ఎవరూ మిగల్లేదని లెక్క. అంతవరకు ఎవరూ టీ ముట్టరు. ఆ తువ్వాలు మొదటి వారం నుంచీ నాదే. మిల్లులో నన్ను నమ్మి ఒక బస్తా కూడా వదలరు. ఇక్కడ మాత్రం అరవై మంది నా కోసం టీ చల్లార్చుకున్నారు.

3. గత నెల నూరో ఆదివారం వచ్చింది. గుంపుగా ఫోటో తీయడానికి సిరుగుప్ప నుంచి మనిషిని పిలిపించారు. నేను తూము దగ్గర వెనక్కి తిరుగుతుండగా ఉమేశ్ ఫోన్ చేశాడు. "ఎర్రప్పన్నా, యాడుండావు? ఫోటో ఆయప్ప పెండ్లికి పోవల్లంట. నువ్వు లేకుండా తీసుకునేకి ఎవురూ ఒప్పుకుంటా లేరు. బిన్నే రాన్నా" అన్నాడు. అయ్యా, తొంభై తొమ్మిది వారాల ఫోటోలలో నేను ఎక్కడా లేను. వెనక వచ్చేవాడు ఫోటోలో పడడు. ఆ మాటకే నా కడుపు నిండిపోయింది. నా ముందర దురుగమ్మ ఒక్కతే ఉంది. వరి కూలికి పోయే మనిషి, మోకాళ్లు అరిగిపోయినవి. ఆమెను దాటి ముందుకు పోయాను.

4. తువ్వాలు చూడగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటో అయింది, టీ అయింది, ఎవరి ఇళ్లకు వారు పోయారు. ఆమె వచ్చేస్తుందిలే అనుకున్నాను. కాసేపటికి అనుకోవడం కూడా మరిచిపోయాను. దురుగమ్మ తూముకు ఇవతల జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. రెండు గంటలు ఎండలో పడి ఉంటే, కాలువకు నీళ్లు వదిలే తాయప్ప తొమ్మిదికి చూశాడు. ఆమె ఇంటికి రాలేదేమని అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. అడగవలసింది నేను.

5. తమ ఉత్తర్వులో "భద్రతా ఏర్పాట్లు లేనందున" అని ఉన్నది. ఆ మాట సరికాదు. ఏర్పాటు ఉన్నది. ఆ ఏర్పాటు నేనే. చెడింది నడక కాదు, నేను.

6. గట్టుకు రెండు వైపులా గేట్లు వేసి నేటికి మూడు ఆదివారాలు. రోడ్డు మీద నడుద్దామంటే వడ్ల లారీలు. నాట్ల మేస్త్రీ పుష్పావతి నిన్న నన్ను బజారులో నిలబెట్టి, "మాకు నవ్వుకునేకి ఆ పొద్దు ఒకటే ఉండెనప్పా, అదీ పోగొడితివి" అంది.

7. దురుగమ్మకు ఆపరేషన్ అయింది. గోడ పట్టుకుని నాలుగు అడుగులు వేస్తున్నది. చూడడానికి పోతే నన్నే తిట్టింది. "నా కాలు ఇరిగితే ఊరందరి కాళ్లకీ బీగం ఏస్తారా? ఏంది ఈ న్యాయం? పోయి అర్జీ రాయప్పా, సుమ్మనే కూచోవద్దు" అంది. ఆమె చెప్పింది కాబట్టి రాస్తున్నాను. లేకుంటే నాకు ముఖం లేదు.

కావున తమరు దయతో గేట్లు తెరిపించి, ఆదివారం నడకకు మళ్లీ అనుమతి దయచేయగలరు. వెనక నడిచే పని ఇకమీదట పుష్పావతి చూస్తుంది, ఒప్పుకున్నది. నన్ను ఆ గట్టు మీద అడుగు పెట్టవద్దని ఉత్తర్వు ఇచ్చినా కట్టుబడి ఉంటాను. వచ్చే ఆదివారంలోగా తేల్చమని వేడుకోలు. చిత్తగించవలెను.

ఇట్లు, దండనకు సిద్ధంగా ఉన్న
తమ విధేయుడు
ఎర్రప్ప

తా.క.: ఈ అర్జీకి తమ కచేరీ దస్త్రం కోసం నయన అనే కాలేజీ అమ్మాయి కన్నడ ప్రతి రాసి జతచేసింది. ఈ కింది సంగతి ఆ ప్రతిలో లేదు. ఆ పిల్లకు చెప్పి రాయించడానికి నోరు రాలేదు. గురువారం తమ సిబ్బంది దురుగమ్మ వాంగ్మూలం తీసుకోవడానికి వస్తారని తెలిసింది. ఊరందరికీ చెబుతున్న మాటే ఆమె వారికీ చెబుతుంది: "నేను పిలిచినా సార్, పాపం ఆయప్ప ఫోన్‌లో మాట్లాడతా ఉండె, ఇనపల్యా." దయచేసి అలా రాసుకోవద్దు. అప్పటికి ఫోన్ జేబులో పెట్టేశాను. "ఎర్రప్పన్నా, రవ్వంత నిలబడప్పా, కాలు పట్టుకునింది" అని రెండుసార్లు పిలిచింది. రెండుసార్లూ నాకు వినపడింది.